హన్మకొండ గోల్ఫ్ సమ్మర్ క్యాంప్: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవుల్లో గోల్ఫ్ క్యాంప్ పెడుతున్నామని చెప్పినప్పటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. హన్మకొండ, కాజీపేట వాళ్ళే కాదు, కరీంనగర్, జనగామ, మంచిర్యాల నుంచి కూడా అడుగుతున్నారు. అందరూ అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి అన్నిటికీ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నా. ఇంకా డౌట్లు ఉంటే క్యాంప్ ముందు ఆదివారం పొద్దున గ్రౌండ్ దగ్గర తల్లిదండ్రుల మీటింగ్ ఉంది, అప్పుడు నేరుగా కోచ్‌లనే అడగండి.

మీ దగ్గర గోల్ఫ్ కోర్సు లేదుగా, మరి గోల్ఫ్ ఎలా నేర్పుతారు?

ఎక్కువమంది అడిగింది ఇదే, అందుకే దీనికి కాస్త ఎక్కువ రాస్తా. నిజమే, మా దగ్గర 18 హోల్స్, అంటే బాల్ వేయాల్సిన 18 గుంతలున్న కోర్సు లేదు. ఉన్నదల్లా నాలుగెకరాల చెల్క, ఒక పక్క నెట్లు, ఇంకో పక్క పరిచిన టర్ఫ్, మూలకు ఒక ఇసుక గుంత.

కానీ ఆట లెక్క ఒకసారి చూడండి. మామూలుగా 18 హోల్స్ కోర్సుకు పార్ 72 ఉంటుంది, అంటే బాగా ఆడేవాళ్ళు మొత్తం కోర్సుని 72 షాట్లలో ముగిస్తారని అంచనా. ఆ 72లో ఒక్కో హోల్‌కి రెండు చొప్పున 36 షాట్లు పుటింగ్‌కే (బాల్‌ని గుంతలోకి దొర్లించడానికే) లెక్కవేస్తారు. సగం ఆట గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, బాల్ నేల మీద దొర్లుతుండగానే అయిపోతుందన్నమాట. దానికి గ్రీన్ చుట్టుపక్కల నుంచి కొట్టే చిప్‌లు (గ్రీన్ అంచు నుంచి చిన్న షాట్లు), పిచ్‌లు (ఇంకాస్త దూరం నుంచి బాల్‌ని ఎత్తి వేసేవి), బంకర్ షాట్లు (ఇసుక గుంతలోంచి కొట్టేవి) కలపండి. వీటిల్లో ఏది నేర్చుకోవాలన్నా మూడు వందల గజాల మైదానం అక్కర్లేదు. కొత్తగా ఆడేవాళ్ళు ఇక్కడ కూడా చాలా షాట్లు పోగొట్టుకుంటారు. రెండు షాట్లలో గ్రీన్ పక్కకు వచ్చేస్తారు, అక్కడి నుంచి గుంతలో వేయడానికి ఇంకో అయిదు షాట్లు తీసుకుంటారు.

అందుకే మా కోచ్‌లు గుంత దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ నేర్పుతారు. మొదటి రోజు గుంతకు రెండడుగుల దూరం నుంచి పుట్. అది కుదిరాక నాలుగడుగులు, ఆ తర్వాత పది. మూడో రోజు గ్రీన్ అంచు నుంచి చిప్. తర్వాత ముప్పై గజాల నుంచి పిచ్, ఇసుకలోంచి బయటికి తీయడం, ఆ తర్వాతే పూర్తి స్వింగ్ (క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర, మొత్తం ఊపి కొట్టడం). అసలు గోల్ఫ్ గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే నాలుగుంపావు అంగుళాలు. ప్లంబింగ్ షాపులో దొరికే 110 ఎంఎం పీవీసీ పైపు దానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఆ పైపు ముక్కలు కోసి టర్ఫ్‌లో తొమ్మిది చోట్ల దించాం, మా పిల్లల గ్రీన్ అదే.

ఇది కోర్సు లేని లోటును కప్పిపుచ్చుకోవడానికి చెప్తున్న మాట కాదు. కోల్‌కతాకు చెందిన ఎస్‌.ఎస్‌.పి. చౌరాసియా 2016, 2017లో వరుసగా ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంట్ గెలిచారు. చిప్‌లు, పుట్‌లు అంత బాగా ఆడతారని ఆయన్ని తోటి ఆటగాళ్ళు ‘చిప్‌పుట్‌సియా’ అని పిలుస్తారు. టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశపు గోల్ఫర్ అదితి అశోక్ 15 అండర్ పార్ (పార్ కంటే 15 షాట్లు తక్కువ) ఆడి నాలుగో స్థానంలో నిలిచింది, ఒక్క షాట్ తేడాతో పతకం పోయింది. ఆ నాలుగు రోజులూ ఆమెకంటే చాలా దూరం కొట్టేవాళ్ళ మధ్య ఆమెను నిలబెట్టింది పుటరే, అంటే పుటింగ్ చేసే క్లబ్బే. ఆ మ్యాచ్ పొద్దున్నే టీవీలో చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

కోచ్‌లు ఎవరు? వాళ్ళ అనుభవం ఏంటి?

ముగ్గురు వస్తున్నారు. పెద్ద సార్ ఇరవై ఏళ్ళకు పైగా జూనియర్లకు నేర్పుతున్నారు, నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియాలో కోచింగ్ కోర్సు చేశారు. రెండో సార్ పదమూడేళ్ళ వయసులో క్యాడీగా (ఆటగాళ్ళ బ్యాగ్ మోసే పనిలో) మొదలై, తర్వాత ప్రొఫెషనల్‌గా ఆడి, నడుము నొప్పితో ఆట మానేశాక కోచింగ్‌లోకి వచ్చారు. గ్రీన్ వాలు చదవడంలో ఆయన కంటికి తిరుగులేదు, బంకర్, చిప్పింగ్ మొత్తం ఆయనే చూస్తారు. మూడో ఆవిడ అమెచ్యూర్ టోర్నమెంట్లు చాలా ఆడారు, పదేళ్ళలోపు పిల్లల గ్రూపు, అమ్మాయిల గ్రూపు ఆవిడ చేతిలో ఉంటాయి. వీళ్ళు కాక వార్మప్, ఫిట్‌నెస్‌కు ఇక్కడి పీఈటీ సార్ ఒకరు ఉంటారు.

యూట్యూబ్‌లో ఇన్ని వీడియోలున్నాయి కదా, కోచ్ ఎందుకు?

వీడియో మీకు మంచి స్వింగ్‌ని చూపిస్తుంది. మీ స్వింగ్‌ని అది చూడదు. తేడా అంతా అక్కడే ఉంది.

నా సంగతే చెప్తా. ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఇరవై నాలుగేళ్ళకు గోల్ఫ్ మొదలుపెట్టాను. అప్పుడు నేర్పినాయన రోజూ బకెట్ బాల్స్ ముందు పెట్టి డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) చేతికిచ్చి ‘కొడుతూ ఉండు, అదే వస్తుంది’ అనేవాడు. నేను కొట్టాను. నాలుగు నెలలకు మోచేతి లోపలివైపు నొప్పి మొదలైంది. నీళ్ళ చెంబు ఎత్తాలన్నా ప్రాణం పోయినట్టు ఉండేది. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆపేయమన్నారు, ఎనిమిది నెలలు క్లబ్ ముట్టుకోలేదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నేను కొట్టిన బాల్ ఎటు పోయిందో చూడనే లేదు. నా చేతులు చూశారు, పాదాలు చూశారు. ‘క్లబ్‌ని పిడికిలితో పిసుకుతున్నావు, వేళ్ళతో పట్టుకో’ అని గ్రిప్ మార్చారు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు మొదటి రోజే దొరికుంటే నాకు ఆ ఏడాది పోయేది కాదు. ఈ క్యాంప్ పెట్టడానికి అసలు కారణం అదే.

అనుభవం ఉన్న కోచ్‌ని ఎలా గుర్తుపట్టాలని కూడా కొందరు అడిగారు. నేను చూసినంతలో, ఆయన తక్కువ మాట్లాడతాడు. కొత్త కోచ్ ఒకే గంటలో తల వంచొద్దు, మోచెయ్యి మడవొద్దు, మోకాలు, నడుము, భుజం అని ఏడు తప్పులు చెప్తాడు, పిల్లాడికి కాలూ చెయ్యీ ఆడవు. మా పెద్ద సార్ రోజుకు ఒక పిల్లాడికి ఒక్కటే దిద్దుతారు. మిగతా ఆరు ఆయనకు కనబడక కాదు. ఆ ఒక్కటి సరైతే అందులో మూడు వాటంతట అవే పోతాయని ఆయనకు తెలుసు.

ఎన్నేళ్ళ పిల్లల్ని తీసుకుంటారు?

ఏడు నుంచి పదిహేడు వరకు. ఇరవై నాలుగు మందికి మించి తీసుకోం, ఒక కోచ్‌కు ఎనిమిది మంది. పెద్దవాళ్ళు కూడా అడుగుతున్నారు కానీ ఈసారికి పిల్లలే.

మా వాడు ఇప్పటికే ఏడాదిగా ఆడుతున్నాడు, మళ్ళీ మొదటి నుంచి నేర్పిస్తారా?

లేదు. అలాంటివాళ్ళకు వేరే గ్రూపు ఉంది, ఎనిమిది సీట్లు. మొదటి రోజు వాళ్ళకు ఒక టెస్ట్ పెడతారు: ఆరడుగుల నుంచి ఇరవై పుట్‌లు, పదిహేను గజాల నుంచి పది చిప్‌లు, ఇసుకలోంచి పది. ఎన్ని పడ్డాయో, ఎంత దగ్గర ఆగాయో నోట్‌బుక్‌లో రాస్తారు. చివరి రోజు మళ్ళీ అదే టెస్ట్. ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే క్యాంప్ పనికొచ్చిందో లేదో మీకే తెలుస్తుంది. ఆడేవాళ్ళకు మొదటి మూడు రోజులు కాస్త చికాగ్గా ఉంటుందని ముందే చెప్తున్నా, ఎందుకంటే పాత అలవాటు మార్చేటప్పుడు ఉన్న ఆట కూడా కొంత పోతుంది. ఇంటికొచ్చి ‘ఇంతకుముందే బాగా కొట్టేవాణ్ణి’ అంటాడు. అప్పుడు మానిపించకండి.

రోజు ఎలా నడుస్తుంది? ఎండల సంగతేంటి?

మే నెలలో మన దగ్గర 42, 43 డిగ్రీలు మామూలే, అందుకే అంతా పొద్దున్నే. 5:30కి గ్రౌండ్‌లో ఉండాలి. ఇరవై నిమిషాలు వార్మప్, నడుము, భుజాలు, మణికట్లు తిప్పడం. 6 నుంచి 8:15 వరకు శిక్షణ, మధ్యలో పదిహేను నిమిషాల బ్రేక్. 8:30కి పిల్లలు గేటు దగ్గర ఉంటారు. సాయంత్రం సెషన్ లేదు. కొందరు పెట్టమంటున్నారు గానీ, అయిదు గంటలకు కూడా ఆ నేల సెగలు కక్కుతూ ఉంటుంది, పిల్లల్ని అందులో నిలబెట్టలేం.

మొత్తం పన్నెండు రోజులు, ఆదివారం సెలవు. వడగాలి హెచ్చరిక వచ్చిన రోజు గంట ముందే ముగిస్తాం. గాలిదుమారం, ఉరుములు వస్తే ఆ నిమిషమే ఆపేస్తాం, చేతిలో ఇనుప కడ్డీ పట్టుకుని మైదానంలో నిలబడే ఆట ఇది. ఆ రోజు పిల్లల్ని లోపల షెడ్‌లో కూర్చోబెట్టి రూల్స్ చెప్తారు.

డ్రైవర్ ఎప్పుడు ఇస్తారు?

పిల్లలందరి ప్రశ్నా ఇదే! తొమ్మిదో రోజు. అంతకుముందు అడిగినా ఇవ్వరు. డ్రైవర్ బ్యాగ్‌లో అన్నిటికంటే పొడవైన క్లబ్, దాని ముఖం వాలు చాలా తక్కువ, చేతిలో చిన్న తప్పున్నా బాల్ నలభై గజాలు పక్కకు పోతుంది. అది ముందే ఇస్తే పిల్లాడు బలం పెట్టడం నేర్చుకుంటాడు, స్వింగ్ నేర్చుకోడు. ఎనిమిది రోజులు సెవెన్ ఐరన్ (మధ్య దూరాలకు వాడే క్లబ్), వెడ్జ్ (దగ్గరి షాట్లకు), పుటర్. అంతే.

క్రికెట్ ఆడతాడు, దానివల్ల లాభమా నష్టమా?

రెండూ. మన దగ్గర క్రికెట్ బ్యాట్ పట్టని పిల్లాడు ఉండడు కాబట్టి మా కోచ్‌లకు ఇది అలవాటే. లాభం ఏంటంటే చెయ్యికీ కంటికీ పొత్తు అప్పటికే ఉంటుంది, బంతంటే భయం ఉండదు, పైగా కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పెట్టుకోవడం కొత్త కాదు. నష్టం, క్రికెట్‌లో బంతి మన మీదకు వస్తుంది, దాని వేగానికి మనం జవాబిస్తాం. గోల్ఫ్‌లో బాల్ కదలకుండా కూర్చుని ఉంటుంది. క్రికెట్ పిల్లాడికి ఆ ఆగి ఉండటమే కష్టం. ఎదురుగా బాల్ కనబడగానే భుజం ముందుకు తోసి అడ్డంగా బాదేస్తాడు, బాల్ ఎడమవైపు మొదలై గాల్లోనే కుడికి వంకర తిరుగుతుంది. దాన్నే స్లైస్ అంటారు. పెద్ద సార్ పక్కన నిలబడి నెమ్మదిగా అంటారు, “బిడ్డా, బాల్ ఎక్కడికీ పోదు. నీ కోసమే కూసున్నది.” ఆ ఒక్క మాటకే చాలామంది పిల్లల భుజాలు దిగిపోవడం నేను చూశాను.

చెప్పాలంటే పుటింగ్‌లో క్రికెట్ కంటే గోలీలాట ఎక్కువ పనికొస్తుంది. నేల వాలు చూసి, గుంతకు నేరుగా కాకుండా పక్కకు గురిపెట్టి, దొర్లి లోపల పడేంత జోరే ఇవ్వడం. ఊళ్ళల్లో గోలీలాడి పెరిగిన పిల్లలకు ఆ చూపు ముందే ఉంటుంది. పోయినసారి పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడు రెండో రోజుకే పదడుగుల వంపు పుట్‌లు వేస్తుంటే మిగతావాళ్ళు ఆడటం ఆపి చుట్టూ నిలబడ్డారు.

అసలు ఏం ప్రాక్టీస్ చేయిస్తారు, ఒకటి రెండు చెప్తారా?

చెప్తా. పుటింగ్‌కు: గుంతకు నాలుగడుగుల దూరంలో బాల్ పెట్టి, దాని ముందు జానెడు దూరంలో రెండు టీలు (బాల్‌ని నిలబెట్టే చిన్న పుల్లలు) గుచ్చుతారు, మధ్యలో బాల్ పట్టేంత సందు మాత్రమే. బాల్ ఆ ద్వారం లోంచి పోవాలి, టీలకు తగలొద్దు. వినడానికి తేలికే. అయితే పిల్లలందరూ చేసే పొరపాటు ఒకటుంది, కొట్టిన క్షణంలోనే బాల్ పడిందో లేదోనని తల ఎత్తేస్తారు. తలతో పాటు భుజం లేస్తుంది, పుటర్ ముఖం తిరుగుతుంది, బాల్ కుడి టీకి తగులుతుంది. దానికి మా కోచ్ పెట్టిన రూలు, గుంతలో పడిన చప్పుడు విన్నాకే తల ఎత్తాలి. పొద్దున్నే గ్రౌండ్ నిశ్శబ్దంగా ఉంటుంది, పీవీసీ పైపులో బాల్ పడితే ‘టక్’మని స్పష్టంగా వినబడుతుంది. నాలుగో రోజుకు ఇరవై మంది పిల్లలు తలలు వంచి ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడి ఉంటారు. చూడటానికి రండి.

బంకర్‌కు: ఇసుక మీద పది రూపాయల నోటంత గీత గీసి, మధ్యలో బాల్ పెడతారు. ‘బాల్‌ని కొట్టొద్దు, నోటును ఎత్తి బయట వెయ్’ అంటారు. క్లబ్ బాల్‌కి రెండు అంగుళాల వెనక ఇసుకలో దిగి, బాల్ కింద నుంచి పోయి ముందు తేలాలి, ఇసుకే బాల్‌ని మోసుకుని బయట పడేస్తుంది. బాల్‌ని తాకకుండా బాల్ లేస్తుందంటే పిల్లలు మొదట నమ్మరు. మా గుంతలో ఇసుక వాగు నుంచి తెప్పించి జల్లెడ పట్టింది, అయినా కోర్సుల్లో ఉండే ఇసుక కంటే కాస్త దొడ్డుగా ఉంటుంది. ఇందులో తీయగలిగితే అక్కడ తేలిక.

ఎండాకాలం చెల్క కూడా ఒక గురువే. పచ్చిక మీద బాల్‌కి కాస్త వెనక తగిలినా క్లబ్ జారి పోతుంది, తప్పు తెలియదు. గట్టి నేల మీద వెనక తగిలితే క్లబ్ ఎగిరి చేతులు జిల్లుమంటాయి. అందుకని పూర్తి స్వింగ్‌లు మ్యాట్ మీదే, చిన్న చిప్‌లు మాత్రం నేల మీద చేయిస్తారు.

క్లబ్‌లు కొనాలా?

వద్దు, దయచేసి ముందే కొనకండి. పుటర్, వెడ్జ్, సెవెన్ ఐరన్ మేమే ఇస్తాం, పిల్లల ఎత్తుకు తగ్గ సైజుల్లో. రూల్ ప్రకారం బ్యాగ్‌లో 14 క్లబ్‌ల దాకా పెట్టుకోవచ్చు గానీ మొదటి ఏడాది పిల్లలకు అయిదారు చాలు. పెద్దవాళ్ళ క్లబ్‌ని కోసి చిన్నది చేసి ఇవ్వడం మంచిది కాదు, పొడవు తగ్గినా బరువు పెద్దగా తగ్గదు, బిరుసు ఇంకా పెరుగుతుంది, పిల్లల మణికట్టు మీద భారం పడుతుంది. క్యాంప్ తర్వాత కొనాలనుకుంటే కోచ్‌ని అడిగి సెకండ్ హ్యాండ్ జూనియర్ సెట్ చూసుకోండి. గ్లవ్ మాత్రం ఒకటి కొనండి, కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ చేతికి.

ఫీజు ఎంత?

పన్నెండు రోజులకు 4,500 రూపాయలు. క్లబ్‌లు, బాల్స్, టిఫిన్ అందులోనే. హైదరాబాద్ ట్రిప్ ఖర్చు వేరు. ప్రభుత్వ బడి పిల్లలకు ఆరు సీట్లు ఫీజు లేకుండా ఉంచాం, వాటికి మీ బడి సార్ దగ్గర ఉత్తరం తెస్తే చాలు.

ఇది డబ్బున్నవాళ్ళ ఆట కదా, మా పిల్లలకెందుకు?

ఖర్చు ఉన్న మాట నిజం. కోర్సు ఫీజులు, ప్రయాణాలు, క్లబ్‌లు, ఇవన్నీ తేలిక అని నేను అబద్ధం చెప్పను. కానీ మన దేశంలో ఈ ఆటను పైకి తెచ్చినవాళ్ళలో చాలామంది కోర్సు బయటి నుంచి లోపలికి వచ్చినవాళ్ళే. చౌరాసియా వాళ్ళ నాన్నగారు రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే పని చేసేవారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ క్యాడీగా మొదలైనవారు. మా రెండో సార్ కూడా అంతే అని పైన రాశాను కదా. బ్యాగ్ మోస్తూ, పెద్దవాళ్ళు ఆడేది చూస్తూ, విరిగిన క్లబ్‌తో సాయంత్రాలు చిప్‌లు కొడుతూ నేర్చుకున్నారు. ఆట వాళ్ళ దగ్గరికి వచ్చింది డబ్బుతో కాదు, దగ్గరగా ఉండటంతో. మన జిల్లాల పిల్లలకు ఆ దగ్గరితనం లేదు. కనీసం పన్నెండు రోజులైనా అది ఇవ్వాలన్నదే మా తపన.

అమ్మాయిలు వస్తారా? విడిగా ఉంటుందా?

వస్తారు, పోయినసారి తొమ్మిది మంది వచ్చారు. వార్మప్, ఆట అందరికీ కలిపే, కోచింగ్ మాత్రం మేడమ్ గ్రూపులో. పొద్దున 5:30కి ఇక్కడ ఉండాలంటే చీకట్లోనే బయల్దేరాలి కాబట్టి ఎవరో ఒకరు దింపి వెళ్ళండి. ఒక అమ్మాయిని వాళ్ళ నాయనమ్మ రోజూ ఆటోలో తీసుకొచ్చేది. మొదటి రోజు “గింత గుంతల బాల్ ఏసుడుకు పన్నెండు రోజులా సారూ?” అని అడిగింది. పదో రోజున మనవరాలి పక్కన నిలబడి, “తల ఎత్తకే!” అని ఆమే కోచింగ్ ఇచ్చింది.

మా బాబుకు వినికిడి తక్కువ. తీసుకుంటారా?

తప్పకుండా. ఈ ఆటలో విజిల్ లేదు, తోటి ఆటగాడి పిలుపు మీద ఆధారపడే పనీ లేదు. హర్యానా అమ్మాయి దీక్షా డాగర్‌కు పుట్టుకతోనే వినికిడి సమస్య, 2017 డెఫ్లింపిక్స్‌లో (వినికిడి లోపం ఉన్నవాళ్ళ ఒలింపిక్స్) రజతం, 2022లో బ్రెజిల్‌లో జరిగిన వాటిలో బంగారు పతకం గెలిచింది, ఒలింపిక్స్‌లోనూ ఆడింది. మీరు ముందుగా చెప్పండి చాలు. ప్రమాద హెచ్చరికలకు మాత్రం పక్కన ఒక మనిషిని పెడతాం. పైన చెప్పిన చప్పుడు రూలు బదులు కోచ్ చెయ్యి భుజం మీద వేస్తారు, అప్పుడు తల ఎత్తొచ్చు.

దెబ్బలు తగులుతాయా?

జాగ్రత్త లేకపోతే తగులుతాయి. బాల్ 45 గ్రాముల పైచిలుకు, గట్టిది. అంతకంటే ప్రమాదం పక్కవాడి క్లబ్. అందుకే నేల మీద సున్నంతో గీతలు గీస్తాం. గీత దాటి ముందుకు ఎవరూ పోరు, ఆడేవాడి పక్కన తప్ప వెనక నిలబడరు, కోచ్ చెయ్యి ఎత్తితే క్లబ్‌లన్నీ నేల మీద పడాలి. బాల్స్ ఏరడం అందరూ కొట్టడం ఆపాకే. బాల్ ఎవరి వైపైనా పోతే ‘ఫోర్’ అని గట్టిగా అరవడం మొదటి రోజే నేర్పుతారు. గీత రెండుసార్లు దాటిన పిల్లాణ్ణి ఆ రోజుకు కూర్చోబెడతాం, ఎవరి పిల్లాడైనా సరే. దీని మీద మాతో వాదించకండి.

తల్లిదండ్రులు గ్రౌండ్‌లో ఉండొచ్చా?

ఉండొచ్చు, తాడు బయట. ఒక్కటే మనవి, షాట్ షాట్‌కూ పేరు పెట్టి అరవకండి, ఇంటికెళ్ళాక ‘పక్కవాడు ఎంత దూరం కొట్టాడో చూశావా’ అనకండి. పిల్లాడు బాల్ మీద నుంచి కళ్ళు తీసి మీ ముఖం చూడటం మొదలుపెట్టాడంటే ఆ రోజు కోచింగ్ వృథా అయినట్టే. అదితి అశోక్‌కు రియో ఒలింపిక్స్‌లో వాళ్ళ నాన్న, టోక్యోలో వాళ్ళమ్మ క్యాడీగా బ్యాగ్ మోశారు. పక్కన నడవడం అంటే ఎలా ఉంటుందో వాళ్ళను చూస్తే తెలుస్తుంది.

స్కోరు ఎవరు వేస్తారు?

పిల్లలే. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. గోల్ఫ్‌లో మీ తప్పు చూసే అంపైర్ ప్రతి షాట్ దగ్గరా ఉండడు, మీ తప్పు మీరే చెప్పాలి. కొట్టాలని ఊపి బాల్ తగలకపోయినా అది ఒక షాటే. బంకర్‌లో కొట్టే ముందు బాల్‌కి సరిగ్గా ముందో వెనకో క్లబ్ ఇసుకకు ఆనిస్తే పెనాల్టీ. పోయిన బాల్ వెతకడానికి 3 నిమిషాలే టైమ్, 2019కి ముందు 5 ఉండేది. ఇవన్నీ మూడో రోజు నుంచి అమల్లో ఉంటాయి.

పోయినసారి ఆఖరి రోజు పోటీలో ఒక ఏడో తరగతి పిల్లాడు గెలిచేలా ఉన్నాడు. కార్డు ఇచ్చేటప్పుడు వెనక్కి తీసుకుని, ‘సార్, ఆరో హోల్‌లో ఒకసారి గాలిలో ఊపాను, ఎవరూ చూడలేదు’ అని ఒకటి కలిపాడు. ఆ ఒక్కదానితో రెండో స్థానానికి వచ్చాడు. పెద్ద సార్ తన జేబులోంచి గ్రీన్ మీద గుర్తుపెట్టే మార్కర్ తీసి వాడి చేతిలో పెట్టారు, ఏళ్ళ నుంచి ఆయన వాడుతున్నది. కప్పు ఇంకొకరికి వెళ్ళింది.

హ్యాండిక్యాప్ అంటే ఏంటి? క్యాంప్‌లో ఇస్తారా?

ఒక ఆటగాడు సాధారణంగా పార్ కంటే ఎన్ని షాట్లు ఎక్కువ ఆడతాడో చెప్పే అంకె అనుకోండి. దానివల్ల కొత్తవాడూ పాతవాడూ ఒకే పోటీలో సమానంగా ఆడొచ్చు. 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో అది 54 వరకు ఉండొచ్చు. మొదలుపెట్టడానికి రేటింగ్ ఉన్న (ఎంత కష్టమో లెక్కకట్టిన) కోర్సు మీద 54 హోల్స్ స్కోర్లు కావాలి, తర్వాత చివరి 20 స్కోర్లలో మంచివి 8 తీసుకుని లెక్క కడతారు. మా గ్రౌండ్ అలాంటి కోర్సు కాదు కాబట్టి మేం ఇవ్వలేం. ఎలా తెచ్చుకోవాలో చెప్తాం.

హైదరాబాద్ ట్రిప్ సంగతేంటి?

పన్నెండు రోజులయ్యాక వచ్చే శనివారం. ఇక్కడి నుంచి దాదాపు 145 కిలోమీటర్లు, తెల్లవారుజామున 3 గంటలకు బస్సు. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా దగ్గర ఒక కోర్సు ఉంది, గచ్చిబౌలి వైపు రాతిగుట్టల మధ్య ఇంకొకటి ఉంది. ఆ రోజు ఎక్కడ టైమ్ దొరికితే అక్కడ. పిల్లలు 9 హోల్స్ ఆడతారు, కోచ్‌లు పక్కనే నడుస్తారు. మొదటిసారి నిజమైన గ్రీన్ మీద కాలు పెట్టినప్పుడు కొందరు వంగి చేత్తో తడిమి చూస్తారు. అక్కడ బాల్ పడిన గుంట సరిచేయడం, బంకర్‌లో అడుగులు చెరిపేయడం కూడా వాళ్ళ పనే.

సర్టిఫికెట్ ఇస్తారా? స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందా?

క్యాంప్‌లో పాల్గొన్నట్టు ఇస్తాం. కోటాకు పనికిరాదు. ఆ ఆశతో చేర్పించకండి.

ఒకటి రెండు రోజులు రాలేకపోతే?

పర్వాలేదు, పెళ్ళిళ్ళ సీజన్ అని మాకూ తెలుసు. మొదటి మూడు రోజులు మాత్రం తప్పొద్దు, గ్రిప్, నిలబడే తీరు అప్పుడే.

టిఫిన్ ఏం పెడతారు?

బ్రేక్‌లో అరటిపండు, పల్లీ పట్టి, మజ్జిగ. అయ్యాక ఇడ్లీ, వారంలో రెండు రోజులు జొన్న అంబలి. పొద్దున ఖాళీ కడుపుతో పంపొద్దు, కనీసం రెండు బిస్కెట్లు, గ్లాసు పాలు.

క్యాంప్ అయిపోయాక ప్రాక్టీస్ ఎక్కడ చేయాలి?

ఇంట్లోనే చేయొచ్చు, ఖర్చు లేదు. గచ్చు మీద గ్లాసు పడుకోబెట్టి ఆరడుగుల నుంచి రోజుకు యాభై పుట్‌లు. గచ్చు టర్ఫ్ కంటే వేగంగా ఉంటుంది కాబట్టి చెయ్యి మెత్తబడుతుంది. డాబా మీద పాత దుప్పటి దండెం మీద వేలాడదీసి, డోర్‌మ్యాట్ మీద నుంచి మెత్తటి బాల్‌తో చిప్‌లు. అద్దం ముందు క్లబ్ లేకుండా రోజుకు అయిదు నిమిషాలు స్వింగ్. నెలకు ఒక ఆదివారం మా గ్రౌండ్ తెరిచే ఉంటుంది, రెండో సార్ ఆ రోజు వస్తానని మాటిచ్చారు. నోట్‌బుక్ తెచ్చుకోవాలి, టెస్ట్ మళ్ళీ పెడతారు.

మొదటి రోజు ఏం తేవాలి?

టోపీ, రెండు లీటర్ల నీళ్ళ సీసా, అడుగు గట్టిగా ఉన్న మామూలు షూస్, కాలర్ ఉన్న పలుచటి టీషర్ట్, గ్లవ్, ఒక వంద పేజీల నోట్‌బుక్, పెన్సిల్. చెప్పులతో వస్తే ఆడనివ్వం. ఆస్తమా, అలర్జీ లాంటివి ఉంటే మందు బ్యాగ్‌లో పెట్టి, నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి.